ముప్పై ఎనిమిది పేజీల ఒప్పందం

పోయిన వారం ఆదిలక్ష్మమ్మ ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సెక్కి, గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చోవడం దగ్గర ఆగాం. ఆమె పట్టుచీరల అంగట్లో పద్నాలుగు పెళ్ళిచీరలు ఏరుకుని, కార్డు గీకించి, మూటలు కారులో వేసుకుపోయిన పెద్దమనిషి నెల తిరక్కముందే తన బ్యాంకుకు ఫిర్యాదు పెట్టాడు. డబ్బు కట్టాను గానీ సరుకు నాకు అందలేదన్నాడు. బ్యాంకు ఆ లక్షా ఎనభై ఆరు వేలూ అతనికి వెనక్కి ఇప్పించింది. కార్డు మిషను ఇచ్చిన కంపెనీ ఆ మొత్తాన్ని ఆదిలక్ష్మమ్మకు రావలసిన డబ్బులోంచి కోసుకుంది. అంతటితో ఊరుకోక, ఆనాటి నుంచి ఆమె మిషను మీద జరిగిన ప్రతి అమ్మకం డబ్బునూ తన దగ్గరే ఆపేసింది. అలా ఆగి ఇరవై ఆరు రోజులైంది. జమ్మలమడుగులో ఆమెకు చీరలు నేసే మగ్గాలవాళ్ళకు చెప్పిన వాయిదా ఎల్లుండే.

ఆ మిషనును ఆమె అంగట్లో పెట్టించింది వనిత. ఇరవై ఏడేళ్ళ అమ్మాయి, ఊరు పులివెందులే. బీకాం అయ్యాక ఈ కంపెనీలో చేరి, స్కూటీ మీద ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూళ్ళూ తిరిగి అంగళ్ళకు కార్డు మిషన్లు ఇప్పిస్తుంది. చెల్లెలు మేఘన నర్సింగు చదువు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఆ ఉదయం పదకొండు గంటలకు వనిత పులివెందుల ఆఫీసులో బల్లకు ఒక పక్కన, కంపెనీ వైపున కూర్చుని ఉంది. ఎదురు కుర్చీ ఇంకా ఖాళీగా ఉంది.

పక్కన జోనల్ మేనేజరు జయప్రకాష్ లాప్‌టాప్ తెరుచుకుంటున్నాడు. బెజవాడ మనిషి, ఇక్కడికి వచ్చి మూడు నెలలే. చెడ్డవాడు కాదు గానీ ఇలాంటి పంచాయితీలు చాలా చూసి విసిగినవాడు. పది నిమిషాల పనేనని వనితతో ముందే అన్నాడు. ఆదిలక్ష్మమ్మ సంతకాలు చూపించి, ఒప్పందంలో ఉన్నదే జరిగిందని చెప్పి, టీ ఇచ్చి పంపేద్దామన్నాడు. వనిత తలూపింది.

ఆదిలక్ష్మమ్మ ఎవరినైనా వెంటబెట్టుకుని వస్తుందనుకుంది వనిత. ప్రొద్దుటూరు వర్తకులు నలుగురో, ఏ నాయకుడి చీటీయో, కనీసం భర్త నరసింహయ్యయినా వస్తాడనుకుంది. ఎవరూ రాలేదు. యాభై నాలుగేళ్ళ మనిషి, నీలం అంచు నూలుచీర కట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో ఒక్కతే లోపలికి వచ్చింది. వనితను చూసి, "బాగుండావా పాపా" అని పలకరించి కూర్చుంది. సంచీలోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. బడిపిల్లల పుస్తకాలకు వేసినట్టు దానికి ఖాకీ కాగితం అట్ట వేసి ఉంది. లోపల ఉన్నది కంపెనీ ఒప్పందమే, ముప్పై ఎనిమిది పేజీలూ. ప్రతి పేజీ అంచునా ఎర్ర పెన్సిలుతో గుండ్రటి తెలుగు అక్షరాలు.

రెండేళ్ళ కిందట ఆ కాగితాల మీద పన్నెండు చోట్ల సంతకం పెట్టించింది వనితే. వందకు రూపాయి ముప్పావలా కంపెనీ పట్టుకుంటుందనీ, మిగిలింది మర్నాటికల్లా ఖాతాలో పడుతుందనీ చెప్పింది. మిగతా పేజీల్లో ఏముందని ఆదిలక్ష్మమ్మ ఆనాడే అడిగింది. అన్నీ మామూలు మాటలేనంది వనిత. ఆ మామూలు మాటల్లో తనకూ సగం అర్థం కావని చెప్పలేదు. నెలాఖరు, ఇంకా నాలుగు మిషన్లు పెట్టిస్తేనే లక్ష్యం పూర్తయ్యేది.

జయప్రకాష్ మర్యాదగానే మొదలుపెట్టాడు. జరిగినదానికి కంపెనీ విచారిస్తోందన్నాడు. కానీ కొన్నవాడు ఫిర్యాదు చేశాక బ్యాంకు డబ్బు వెనక్కి తీసుకోవడాన్ని చార్జ్‌బ్యాక్ అంటారనీ, అది లోకమంతటా ఉన్న పద్ధతేననీ, అలాంటిది జరిగినప్పుడు అంగడివాళ్ళ డబ్బు ఆపే హక్కు కంపెనీకి ఉందనీ వివరించాడు. పదిహేడో షరతు చూడమన్నాడు.

ఆదిలక్ష్మమ్మ చూడలేదు. చూడాల్సిన అవసరం ఆమెకు లేదు.

"పదిహేడు చదివినా సారూ. ఇరవై ఒకటో పేజీలో ఉండాది. 'వివాదంలో ఉన్న మొత్తానికి మించకుండా' ఆపచ్చు అని రాసినారు. వివాదంలో ఉండేది లక్షా ఎనభై ఆరు వేలు. దాన్ని మీరు ముందే కోసుకున్యారు. ఇంక దేనికోసరం ఆపినారు మిగతాది?"

జయప్రకాష్ లాప్‌టాప్ వైపు చూశాడు. తర్వాత తన దగ్గరున్న కాగితాల్లో ఇరవై ఒకటో పేజీ వెతికాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. ఒకసారి ఇలాంటి గొడవ వచ్చాక సిస్టం దానంతట అదే ఖాతాను ఆపేస్తుందనీ, అది మనుషుల చేతుల్లో లేదనీ అన్నాడు.

"సిస్టం సంతకం పెట్టలేదు గద సారూ. మీ కంపెనీ పెట్టింది, నేను పెట్టినా."

ఆమె గొంతు పెంచలేదు. చీర అంచుకు జరీ తక్కువైందని నేతగాడికి చూపించేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. వనిత ఆమెను అంగట్లో చాలాసార్లు చూసింది గానీ ఈ మనిషిని చూడలేదు. ఈ ఆఫీసులో ఇంగ్లీషు మాట వింటే తలొంచుకునే వర్తకులే తప్ప, షరతు నంబరు చెప్పగానే పేజీ నంబరు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

జయప్రకాష్ కుర్చీలో సర్దుకుని, మీ వకీలు ఎవరని అడిగాడు. వకీలు లేడంది ఆదిలక్ష్మమ్మ. ఆ ఒప్పందం ఎలా చదివిందో అప్పుడు చెప్పింది.

ఆమె చదువు ఏడో తరగతి. డబ్బు ఆగిన మూడో రోజు ఆ కాగితాలు తీసి చూస్తే కంపెనీ పేరు తప్ప ఏమీ తెలియలేదు. జమ్మలమడుగులో ఎలిజబెత్ టీచరని ఒకామె ఉంది. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైంది, క్రిస్మస్‌కూ ఈస్టరుకూ చీర ఈమె దగ్గరే కొంటుంది. ఆదిలక్ష్మమ్మ మధ్యాహ్నం గల్లా నరసింహయ్యకు అప్పజెప్పి, రెండు గంటల బస్సెక్కి ఆమె ఇంటికి పోయింది. టీచరు రెండు పేజీలు చూసి కళ్ళజోడు తీసేసింది. ఇవి తను బడిలో చెప్పిన ఇంగ్లీషు కాదనీ, మాటలు తెలుస్తున్నాయి గానీ సంగతి తెలియడం లేదనీ ఒప్పుకుంది. నీకు మాటలు తెలుసు, నాకు వ్యాపారం తెలుసు, ఇద్దరం కలిస్తే ఒక మనిషి కామా అని అడిగింది ఆదిలక్ష్మమ్మ. ఆ రోజు నుంచి పందొమ్మిది మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని, రోజుకు రెండు పేజీల చొప్పున చదివారు. టీచరు మాటకు అర్థం చెప్పేది. ఈమె అది తన అంగట్లో దేనిలాంటిదో ఆలోచించి, ఆ పేరుతో అంచున రాసుకునేది.

"వందకు మీరు రూపాయి ముప్పావలా పట్టుకునే ఈ ఎండీఆర్ అనేదుందే, దానికి ముందు ఏమీ తోచలేదు. తర్వాత తట్టింది. మా ఊర్లో నగ చేసే ఆచారి తరుగు తీస్తాడు గదా, ఇది కూడా తరుగే. అయితే ఆచారి ఒక్కడే తింటాడు, దీన్ని ముగ్గురు పంచుకుంటారు. కార్డు ఇచ్చిన బ్యాంకు, కార్డు మీద గుర్తు ఉండే వాళ్ళు, మిషను ఇచ్చిన మీరు. మీ ముగ్గురిలో ఎక్కువ తినేది బ్యాంకే అని గూడా తెల్సింది. పాపం, మీకు శానా తక్కువే."

జయప్రకాష్ నవ్వు ఆపుకోలేకపోయాడు. వనితకు నవ్వు రాలేదు. శిక్షణలో ఆమెకు అదే సంగతిని నలభై బొమ్మలతో రెండు రోజులు చెప్పారు. అయినా అర్థం కాక, పరీక్ష కోసం బట్టీ పట్టింది. ఇప్పుడు ఒక్క తరుగు మాటతో తేటపడింది. తను రెండేళ్ళుగా అమ్ముతున్నదేమిటో, కొన్నామె నోటి నుంచి వింటోంది. సిగ్గుగా ఉంది, అంతకు మించి చెప్పలేని గౌరవం కలుగుతోంది.

జయప్రకాష్ హైదరాబాదుకు ఫోను చేసి కిటికీ దగ్గర నిలబడి మాట్లాడాడు. ఆపేసిన డబ్బు సంగతి పరిశీలించమని చెప్పి వచ్చాడు. ఇప్పుడు అతని గొంతులో తొందర తగ్గింది. కానీ అసలు మొత్తం మాత్రం తన చేతిలో లేదన్నాడు. చార్జ్‌బ్యాక్ వచ్చినప్పుడు అంగడివాళ్ళు ఏడు పనిదినాల్లోపల బిల్లూ రుజువులూ పంపాలి. పంపకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఇరవై నాలుగో పేజీలో ఉంది.

"ఉండాది," అంది ఆదిలక్ష్మమ్మ. "దానికి ముందు వాక్యంలో, మీరు నాకు నోటీసు ఇయ్యాల అని గూడా ఉండాది."

నోటీసు పంపామన్నాడు జయప్రకాష్. ఒకసారి కాదు, రెండుసార్లు. లాప్‌టాప్ ఆమె వైపు తిప్పి తేదీలు చూపించాడు. ఏ అడ్రసుకు పంపారని ఆమె అడిగింది. ఈమెయిలుకు పంపామని, ఆ ఈమెయిలును పైకి చదివాడు.

"నాకు ఈమెయిల్ లేదు సారూ. ఏనాడూ లేదు."

వనిత చేతుల్లో చల్లబడిన టీ కప్పు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాలని కూడా ఆమెకు తోచలేదు.

ఆ ఈమెయిల్ ఆమెకు తెలుసు. రెండేళ్ళ కిందట ప్రొద్దుటూరులో ఒక అంగడి మెట్ల మీద కూర్చుని ఫోనులో దాన్ని సృష్టించింది తనే. ఫారంలో ఈమెయిల్ గడి నింపకపోతే ముందుకు పోదు. చిన్న వర్తకుల్లో చాలామందికి ఈమెయిల్ లేదు. వాళ్ళందరి పేరునా ఒక్కటే పెట్టె తెరిచి, ఉత్తరం ఏదైనా వస్తే చూసి చెబుదామనుకుంది. మొదటి నెల చూసింది. రెండో నెల నాలుగుసార్లు చూసింది. ప్రకటనలు తప్ప ఏమీ రావడం లేదని తర్వాత చూడడం మానేసింది. కొన్నాళ్ళకు కొత్త ఫోను కొన్నాక అసలు అలాంటిదొకటి ఉందనే మరిచిపోయింది.

జయప్రకాష్ నాలుగో పేజీ తీశాడు. ఫారంలో రాసిన వివరాలు నిజమని వర్తకులే పూచీ పడతారని అందులో ఉంది. కింద ఆదిలక్ష్మమ్మ సంతకం ఉంది. తన సొంత ఈమెయిల్ కాకపోతే ఆనాడే చెప్పాల్సిందనీ, ఇప్పుడు చేయగలిగిందేమీ లేదనీ అన్నాడు. అన్నాక అతనికే బాగా అనిపించలేదో ఏమో, చూపు కాగితం మీదే ఉంచాడు.

ఆ ఫారం నింపింది ఎవరో ఆదిలక్ష్మమ్మకు తెలుసు. ఆమె అంగట్లోనే, ఆమె గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని, ఆమె తెప్పించిన మజ్జిగ తాగుతూ వనిత నింపింది. ఆ మాట ఒక్కటి అంటే చాలు. కానీ ఆమె వనిత వైపు కనీసం తల తిప్పలేదు. పుస్తకం అట్ట మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

ఆ తల తిప్పకపోవడాన్నే వనిత తట్టుకోలేకపోయింది. తిట్టి ఉంటే ఏదో ఒక సాకు వెతుక్కునేది. నెలాఖరని చెప్పేది, అందరూ చేసేదేనని చెప్పేది. మేఘన ఫీజు గుర్తొచ్చింది. వచ్చే నెల పదో తేదీలోపు కట్టాలి. నోరు మూసుకుంటే ఇంకో ఐదు నిమిషాల్లో ఈ సమావేశం అయిపోతుంది. ఆదిలక్ష్మమ్మ సంచీ తీసుకుని మెట్లు దిగిపోతుంది, మగ్గాలవాళ్ళ ముందు తలొంచుకుని నిలబడుతుంది.

"సార్, ఆ ఈమెయిల్ ఆమెది కాదు. నేను పెట్టింది," అంది వనిత. "ఫారం నేనే నింపినా. ఆమెకు చెప్పలేదు. సంతకం మాత్రం పెట్టించుకున్యా."

జయప్రకాష్ ఆమెను చూశాడు. ఈ మాటలు బయట మాట్లాడదామన్నట్టు చెయ్యి ఎత్తాడు. వనిత ఆగలేదు. పెట్టె ఎప్పుడు తెరిచిందీ, ఎందుకు తెరిచిందీ, ఎన్నాళ్ళుగా చూడలేదో అంతా చెప్పేసింది.

అప్పుడు ఆదిలక్ష్మమ్మ పుస్తకం తెరిచి ఆరో పేజీ తీసింది. వేలితో ఒక గీత కింద చూపిస్తూ, ప్రతి మాటా విడదీసి, ముందు ఇంగ్లీషులో చదివింది. ఎలిజబెత్ టీచరు ఉచ్చారణ ఎంత శ్రద్ధగా నేర్పిందో ఆ చదువులో తెలుస్తోంది. తర్వాత తెలుగులో చెప్పింది.

"కంపెనీ పంపిన మనిషి ఏం చేసినా అది కంపెనీ చేసినట్టే. అది మీరు రాసిందే సారూ. ఈమెయిల్ ఈ పాప పెట్టిందంటే మీరు పెట్టినట్టు. మీరు పెట్టిన పెట్టెకు మీరే నోటీసు పంపుకున్యారు. నాకు ఇయ్యలేదు."

జయప్రకాష్ తన దగ్గరున్న ఆరో పేజీతో సరిచూసుకున్నాడు. ఈ పేజీ మీకు ముందే తెలుసా అని అడిగాడు. తెలుసునంది. మరి మొదటే ఎందుకు తీయలేదని అడిగాడు.

ఆమె మొదటిసారి వనిత వైపు తిరిగింది.

"ఇది తీస్తే నీ పేరు తియ్యాల పాపా. నీ కడుపు కొట్టి నా దుడ్లు తెచ్చుకుంటే అది నాకు ఒంటబడుతుందా? నీ అంతట నువ్వు చెప్తే తీద్దామనుకున్యా. లేకుంటే నా దగ్గరుండే బిల్లు పట్టుకోని యాడికైనా పోదామనుకున్యా."

వనిత తలొంచుకుంది. కన్నీళ్ళు వస్తాయనుకుంది గానీ రాలేదు. ఆమెకు కలిగింది ఏడుపు కాదు. ఇంతటి మనిషి ఎదుట తను అబద్ధం వైపు కూర్చోలేదన్న ఒక్క ధైర్యం. అది నిమిషం కిందటి వరకూ తనలో లేదు. ఎదురు కుర్చీలోంచి ఆమె నిశ్శబ్దంగా ఇచ్చిందేమో అనిపించింది.

ఆ బిల్లు చూపించమన్నాడు జయప్రకాష్. ఇప్పుడు అతని మాటలో మేనేజరు తగ్గి మనిషి ఎక్కువయ్యాడు. ఆదిలక్ష్మమ్మ సంచీలోంచి పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం తీసింది. పెళ్ళి చీరలు కొనేవాళ్ళు తర్వాత రంగు మారిందనీ, అంచు వేరనీ తగాదాకు వస్తుంటారు. అందుకని పెద్ద బేరం జరిగితే ప్రతి చీర రంగూ, అంచూ, పమిట పనితనమూ రాసి కొన్నవాళ్ళ చేత సంతకం పెట్టించడం ఆమె అలవాటు. ఆ పుటలో పద్నాలుగు చీరలు ఉన్నాయి. ఆకుపచ్చకు అరటిపండు రంగు అంచు, మామిడి పిందెల జరీ, నెమలికంఠం రంగుకు ఎర్ర పమిట. కింద 'సరుకంతా ముట్టినది' అన్న మాటా, ఆ పెద్దమనిషి సంతకమూ, పక్కనే పిన్ నంబరు కొట్టినట్టు మిషను ఇచ్చిన చీటీ అతికించి ఉన్నాయి.

జయప్రకాష్ మళ్ళీ హైదరాబాదుకు ఫోను చేశాడు. ఈసారి కిటికీ దగ్గరికి పోలేదు. వాళ్ళ ముందే కూర్చుని, ఆరో పేజీ, ఇరవై ఒకటో పేజీ, ఇరవై నాలుగో పేజీ అని వరసగా చెప్పాడు. అవతలివాళ్ళు వాదించినట్టున్నారు. ఇతను ఒకే మాట పట్టుకున్నాడు. రాసింది మనం, చదివింది ఆమె, ఇక మనకు మిగిలింది దాని ప్రకారం నడవడమేనన్నాడు. నలభై నిమిషాల తర్వాత ఫోను పెట్టాడు. ఆపేసిన డబ్బంతా ఆ సాయంత్రానికి ఆమె ఖాతాకు చేరుతుంది. లక్షా ఎనభై ఆరు వేల సంగతి మాత్రం వారంలో తేలుతుంది. నోటీసు తప్పింది కంపెనీ వల్లనే కాబట్టి, కొన్నవాడి బ్యాంకుతో కంపెనీయే పోట్లాడుతుంది. ఆ మాటలు కాగితం మీద పెట్టి సంతకం చేసి ఇచ్చాడు. ఆదిలక్ష్మమ్మ దాన్ని ఆసాంతం చదివాకే మడిచి రవిక లోపల దాచుకుంది.

మగ్గాలవాళ్ళకు మాట తప్పకుండా ఇవ్వచ్చు. ఆమె ముఖం మీద అంతసేపూ ఉన్న బిగువు అప్పుడు కొంచెం సడలింది. ఒక గ్లాసు మంచినీళ్ళు ఇప్పించమని అడిగింది.

నీళ్ళు తాగుతుండగా జయప్రకాష్ ఆ ఖాకీ అట్ట పుస్తకాన్ని తిరగేశాడు. చార్జ్‌బ్యాక్ పక్కన 'వాపసు తగాదా' అనీ, ఆపిన డబ్బు పక్కన 'జామీను' అనీ, మిషను అద్దె పక్కన 'అమ్మినా అమ్మకపోయినా కట్టాల్సింది' అనీ రాసి ఉన్నాయి. మధ్యలో వెళ్ళిపోతే కట్టాల్సిన జరిమానా పక్కన ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు ఉన్నాయి. అతను ప్రతి పేజీ అంచూ చదివాడు. దీన్ని నకలు తీసుకోవచ్చా అని అడిగాడు. మూడు జిల్లాల్లో తన కింద రెండు వేల అంగళ్ళున్నాయనీ, వాళ్ళలో ఒక్కరికి కూడా ఇలా చెప్పలేకపోయామనీ ఒప్పుకున్నాడు.

ఇస్తానంది ఆదిలక్ష్మమ్మ. అయితే ఒక షరతు. సంతకం పెట్టించుకున్న తర్వాత ఇవ్వకూడదు, ముందు ఇవ్వాలి. పైన ఎలిజబెత్ టీచరు పేరు వేయాలి. తన పేరు అక్కర్లేదంది.

తర్వాత జయప్రకాష్ వనిత వైపు తిరిగాడు. జరిగింది పైకి రాయక తప్పదన్నాడు. ఏమవుతుందో తను చెప్పలేననీ, తనంతట తానే ఒప్పుకుందని మాత్రం మొదటి వాక్యంలోనే రాస్తాననీ అన్నాడు. ఆ పెట్టెకు ఎన్ని అంగళ్ళు కట్టి ఉన్నాయని అడిగాడు. ముప్పై ఏడని చెప్పింది వనిత. ఇప్పుడే తెరవమన్నాడు.

పాస్‌వర్డు గుర్తు రావడానికి ఐదు నిమిషాలు పట్టింది. చదవని ఉత్తరాలు రెండు వందల పైచిలుకు. ప్రకటనలు తీసేస్తే మిగిలినవి కంపెనీ నోటీసులే. ఒకటి చదివింది, ఇంకొకటి చదివింది. మూడోదానికి ఆమె వేళ్ళు ఆగాయి. అన్నింటిలోనూ ఒకే ఫిర్యాదు ఉంది, సరుకు అందలేదని. అన్నింటిలోనూ కార్డు చివరి నాలుగు అంకెలు ఒకటే. ఆ అంకెలు చూడకుండానే ఆదిలక్ష్మమ్మ పైకి చెప్పింది. చీటీ మీద చూసీ చూసీ ఆమెకు కంఠతా వచ్చేశాయి.

లెక్కపెడితే పదకొండు అంగళ్ళు తేలాయి. ప్రొద్దుటూరులో ఐదు, జమ్మలమడుగులో నాలుగు, పులివెందులలో రెండు. జయప్రకాష్ తన లాప్‌టాప్‌లో ఆ కార్డు నంబరు కొట్టి చూశాడు. సొంత ఈమెయిల్ ఉన్న అంగడి ఒక్కదానికి కూడా ఆ మనిషి పోలేదు. మూడూళ్ళలో వందల అంగళ్ళు ఉండగా, అతను గీకిన ప్రతి మిషనూ వనిత తెరిచిన ఈ పెట్టెకు కట్టిందే.

"ఈ ముప్పై ఏడు పేర్ల జాబితా నీ దగ్గర కాకుండా ఇంకెవరి దగ్గరుంది?" అని అడిగాడు జయప్రకాష్.

వనితకు జవాబు తెలియలేదు. తెలియకపోవడం కంటే, ఒక్క క్షణం తెలిసినట్టనిపించడం ఆమెను భయపెట్టింది. ఆ ఆలోచనను పక్కకు నెట్టి ఆఖరి నోటీసు తెరిచింది. జమ్మలమడుగులో కూలర్లు, ఫ్యాన్లు అమ్మే నబీ రసూల్‌ది. రుజువులు పంపడానికి గడువు ఈ రోజు సాయంత్రం ఐదు గంటల వరకు ఉంది. గోడ గడియారంలో ఒంటిగంటన్నర.

వెంటనే ఫోను చేసి స్పీకరు పెట్టింది. పోయిన నెల ఆరు కూలర్లు కార్డు మీద కొన్న మనిషి బిల్లు ఉందా, దాని ఫొటో తీసి పంపగలవా అని అడిగింది. నబీ రసూల్‌కు ఆ మనిషి బాగానే గుర్తున్నాడు.

"ఆ సారా? శానా మంచి మనిషి పాపా. బేరం గూడా ఆడడు. మళ్ళీ వచ్చినాడు, ఇప్పుడు మా అంగట్లోనే కూచోనుండాడు. నాలుగు ఏసీలు ఏరుకున్యాడు. కార్డు చేతికిచ్చినాడు, గీకబోతాండా."

జయప్రకాష్ లేచి కారు తాళాలు అందుకున్నాడు. పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగుకు ఎంత తొందరగా పోయినా గంటన్నర పడుతుంది. ఆదిలక్ష్మమ్మ చెయ్యి చాచి వనిత దగ్గర ఫోను తీసుకుంది, స్పీకరు ఆపి, చెవికి ఆనించుకుంది.

"రసూలప్పా, నేను ప్రొద్దుటూరు చీరలంగడి ఆదిలక్ష్మిని. ముఖంలో ఏమీ కనపడనియ్యాకు. ఆ కార్డు అట్లనే పక్కన పెట్టి, ముందు బిల్లు రాయి. ఒక్కొక్క ఏసీ పెట్టె మీద ఉండే నంబరు, రంగు, తూకం, అన్నీ రాయి. తప్పు పోతే కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి రాయి. గంటన్నర పట్టాల ఆ బిల్లు."